కెజియా కనిపెట్టినవి

మంగళవారం పొద్దున
సూపర్‌వైజరు బండి దిగకుండానే
"ఓ మోషే! ఎనిమిదింటికల్లా రావాల!" అని కేకేసి పోయాడు.
నాలుగేళ్ళ మా కెజియా,
నోట్లో బ్రష్షు, గడ్డం మీద నురగ,
నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.
"నీకు పేరుందా?"
ఉందమ్మా అన్నాను.
"మరి నాకెందుకు చెప్పలా?"
ముప్పై రెండేళ్ళుగా మోస్తున్న పేరు
ఆ పూట దొంగసొత్తులా బయటపడింది.

ఇక రోజంతా
మోషే నీళ్ళు, మోషే చెప్పులు,
మోషే నా గౌను గుండీ.
మధ్యాహ్నానికల్లా వాళ్ళమ్మకీ ఒకటుందని తేలింది,
సలోమి అని.
కోడికి లేదు. అడిగి చూసింది.

మా చీమకుర్తిలో క్వారీ సైరన్ కూసిందంటే
వెనకాలే బ్లాస్టింగు.
సైరన్ వినగానే మా అమ్మ సువార్తమ్మ
ఎసట్లో బియ్యం పోస్తున్నా సరే వదిలేసి
గిన్నెల స్టాండుకి రెండు చేతులూ ఆనిస్తుంది,
గ్లాసులు పడకుండా.
ధడామంటుంది.
కిటికీ చువ్వలు జిల్లుమంటాయి.
చేతులు తీసి మళ్ళీ బియ్యం దగ్గరికి పోతుంది.
పిల్ల దీన్ని ఎన్నాళ్ళు గమనించిందో.
నాయనమ్మ స్టాండు నొక్కితే రాయి పేలుద్ది.
అంతే, ఇంకో మాట లేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే
స్టూలు లాక్కుని ఎక్కింది.
కళ్ళు గట్టిగా మూసుకుంది.
రెండు అరచేతులు, పది వేళ్ళు, ఒంట్లో ఉన్న బలమంతా.
ఏమీ లేదు.
పక్కింట్లో ఎవరో దగ్గారు.
ఇంకోసారి. ఈసారి నాలుక కూడా బయటపెట్టి.
ఒక చెంచా కిందపడింది.
"నాయనమ్మా, ఇది చెడిపోయింది."
"ఇయ్యాళ సెలవు గదా తల్లీ" అంది మా అమ్మ.
"చేతులక్కూడానా?"
మా అమ్మ తన చేతుల్ని
అటూ ఇటూ తిప్పి చూసుకుని
ఎందుకో చాలాసేపు నవ్వింది.

మధ్యలో ఒకరోజు ఎక్కిళ్ళు.
"లోపల ఎవురో తలుపు కొడతన్నారు" అని
నోరు బార్లా తెరుచుకుని
మెట్టు మీద పావుగంట కూర్చుంది.
ఎవరూ రాలేదు. ఒక ఈగ మాత్రం
లోపలికి పోదామా వద్దా అని ఆలోచించింది.

మా గడప రాయి నేను తెచ్చిందే,
అంచు విరిగిందని ఎక్స్‌పోర్టోళ్ళు వద్దన్న గెలాక్సీ ముక్క.
నల్లరాయి, లోపల బంగారు రవ్వలు.
పాలిష్ మిషన్ కింద రోజూ పారే రాయే.
నాకందులో కనపడేవి పగుళ్ళు, గీతలు,
అడుగుకింత అని రాసుకునే లెక్కలు.
అది చెంబెడు నీళ్ళు పోసి
అరచేత్తో రుద్ది, గౌనుతో తుడిచి, మళ్ళీ పోసి,
"మోషే, ఈ చుక్కలు కడిగినా పోలా" అంది.
లెక్కపెట్టింది.
పదకొండు, పన్నెండు, పద్దెనిమిది, పదకొండు.
ఎటు తిరిగినా చుక్కలు
పదకొండు దగ్గరికే వస్తున్నాయి.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
డాబా మీద చాపేశాను.
సాయంత్రం వానకి రాతిదుమ్మంతా అణిగి
చాన్నాళ్ళకి పైన ఏముందో కనపడింది.
పిల్ల వెల్లకిలా పడుకుని గమ్మునుంది.
అది గమ్మునుంటే నాకు భయం.
"మోషే."
ఊఁ.
"మన గడపని అంత పైకి ఎవురు తీసకపోయారు?"
క్రేనోళ్ళు.
"నీళ్ళు పోసి కడిగారా?"
సాయంత్రం మన మీద పడిందేంది మరి.
"పాలిష్ నువ్వే పట్టావా?"
పన్నెండు గంటల డ్యూటీ దిగొచ్చినవాణ్ణి,
కళ్ళు మూతలు పడుతుంటే
నోటికొచ్చింది చెప్పాను,
"నేను కాదమ్మా. నైట్ షిఫ్టోళ్ళు."

చాలాసేపు చప్పుడు లేదు.
నిద్రపోయిందనుకున్నాను.
డొక్కలో కాలితో ఒక్క తన్ను తన్ని,
"మరి వాళ్ళకీ పేర్లుంటాయా?"